షిట్జూ వీపు మీద తెల్ల పొట్టు: వంద రోజుల కేసు

షిట్జూ, మగ, 4 ఏళ్లు, వృషణాలు తీయించినది, బరువు 6.2 కిలోలు. ఊరు హైదరాబాద్, ఐదో అంతస్తు అపార్ట్‌మెంట్, వాడకానికి బోరు నీళ్లు. టీకాలన్నీ సమయానికి పడ్డాయి. వీపు మీద బొచ్చు పొడవు 9 సెంటీమీటర్లు. తీసుకొచ్చింది డిసెంబరు రెండో వారంలో. ఇంటావిడ చెప్పిన మాట ఇది: "డాక్టరుగారూ, వీడికి చుండ్రు పట్టింది. వారానికి రెండుసార్లు స్నానం చేయిస్తున్నా పోవట్లేదు."

స్నానం చేయిస్తున్నా పోవడం లేదా, చేయిస్తున్నందుకే పోవడం లేదా అన్నది తేలడానికి ఈ కేసులో మూడు వారాలు పట్టింది. తేలాక చూస్తే రెండు రోగాలు కనిపించాయి. ఒకటి బయటినుంచి వచ్చింది, రెండోది ఇంట్లోనే తయారైంది. పైగా రెండోది మొదటిదాన్ని కప్పేసింది.

ముందుగా పొట్టు సంగతి. కుక్క చర్మంలో అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి మామూలుగా 3 వారాలు పడుతుంది. విడివిడిగా రాలితే కంటికి ఆనదు. ఈ నడక వేగం పెరిగితే కణాలు పూర్తిగా పండకుండానే గుంపులుగా పైకొచ్చి తెల్ల రేకుల్లా కనిపిస్తాయి. చర్మం మీద తిరిగే పురుగు, సూక్ష్మక్రిములు, తామర, థైరాయిడ్ లోపం, అలర్జీ, తిండిలో కొవ్వు తక్కువ కావడం, సబ్బు ఎక్కువ కావడం, వీటిలో ఏది జరిగినా పైకి కనిపించేది అదే పొట్టు. అందుకే పొట్టు చూసి షాంపూ రాయడం దగ్గు విని సిరప్ రాయడం లాంటిదే.

అడిగి తెలుసుకున్నది

పొట్టు మొదలైంది నవంబరు మొదట్లో. దసరా సెలవులకు కుటుంబం ఊరెళ్తూ కుక్కను 5 రోజులు బోర్డింగ్‌లో వదిలింది. ఈ సంగతి వాళ్లంతట వాళ్లు చెప్పలేదు, "ఈ మధ్య ఎక్కడైనా వదిలారా, ఎవరి కుక్కతోనైనా ఆడిందా" అని విడిగా అడిగితే బయటపడింది. పొట్టు కేసుల్లో ఈ ప్రశ్న తప్పనిసరి.

నవంబరు నుంచి చేసిన చికిత్స వరసగా ఇది. మూడు రోజులకోసారి స్నానం: ఒకసారి గోమార్ల సబ్బుతో, ఇంకోసారి మనుషుల చుండ్రు షాంపూతో. ఆ తర్వాత వేడి గాలితో డ్రయ్యర్. "చర్మం ఎండిపోతోంది కదా" అని ఆపైన రెండు చెంచాల కొబ్బరినూనె వీపంతా మర్దన. మధ్యలో మెడికల్ షాపులో అడిగి తెచ్చిన ఆయింట్‌మెంట్ 10 రోజులు. ట్యూబు తెప్పించి చదివితే క్లోబెటసాల్, ఒక యాంటీబయాటిక్, ఒక ఫంగస్ మందు కలిసి ఉన్నాయి. క్లోబెటసాల్ బలమైన స్టెరాయిడ్. దురద తగ్గిస్తుంది, ఎర్రదనం చెరిపేస్తుంది, చర్మాన్ని పల్చన చేస్తుంది. కుక్క నాకితే కడుపులోకీ పోతుంది. రోగం ఆనవాళ్లు చెరిగాక కుక్కను డాక్టరు దగ్గరికి తెస్తే పరీక్షకు ఏం మిగులుతుంది?

తిండి: పొద్దున పెరుగన్నం, సాయంత్రం అన్నంలో 60 గ్రాముల ఉడికించిన చికెన్, తోలు తీసేసి. రోజూ కాల్షియం సిరప్. పడక హాల్లోని సోఫా. ఏసీ రాత్రంతా.

మొదటి రోజు

జ్వరం లేదు, చురుగ్గా ఉంది, తోక ఊపుతోంది. పొట్టు దాదాపు అంతా నడి వీపు గీత వెంట, భుజాల నుంచి తోక మొదలు దాకా. పొట్ట, చంకలు, పాదాలు శుభ్రం. చెవులు శుభ్రం, వాసన లేదు. దురద 10కి 4. బొచ్చు పలచబడలేదు, కానీ గరుకుగా, మెరుపు లేకుండా ఉంది. చెవుల వెనక, చంకల కింద జడలు కట్టింది.

పొట్టు ఎక్కడుందో అన్నది సగం సమాచారం. పాదాలు, చంకలు, చెవులు కలిసి ఎర్రబడితే మనసు అలర్జీ వైపు పోవాలి. జిడ్డు, పులిసిన వాసన ఉంటే మలసీజియా ఈస్టు వైపు. గుండ్రంగా, చుట్టూ రేకు లేచిన మచ్చలుంటే స్టాఫిలోకాకస్ అనే బ్యాక్టీరియా వైపు. వీపు గీత వెంట పొడి పొట్టు, తక్కువ దురద అంటే కైలెటియెల్లా అనే పురుగును ముందు వెతకాలి. పొట్టు కింద పురుగు కదిలితే పొట్టే నడుస్తున్నట్టు ఉంటుంది కాబట్టి దీనికి నడిచే చుండ్రు అని పేరు.

వెతికాం, దొరకలేదు. సెలోటేపు నాలుగు చోట్ల అద్దితే నాలుగుసార్లూ కొబ్బరినూనె అంటుకొచ్చింది తప్ప పొట్టు అతుక్కోలేదు. క్రితం రోజే స్నానం కావడంతో దువ్వెనకు చిటికెడు కూడా రాలేదు. రక్తపు చెమ్మ వచ్చేదాకా మూడు చోట్ల గీకి చూస్తే వెంట్రుక కుదుళ్లలో ఉండే డెమోడెక్స్ పురుగు లేదు. చర్మం మీద అద్దిన స్లైడుకు రంగు వేసి చూస్తే అక్కడక్కడ కోకై అనే గుండ్రటి బ్యాక్టీరియా, ఈస్టు దాదాపు లేదు, అది మామూలే. వుడ్స్ దీపం (అతినీలలోహిత కాంతి) కింద ఆకుపచ్చగా ఏదీ వెలగలేదు. దాన్నిబట్టి తామర లేదని చెప్పకూడదు. కుక్కలకు ఎక్కువగా వచ్చే మైక్రోస్పోరమ్ కానిస్‌లో కూడా అన్ని రకాలూ వెలగవు, పైగా ఆయింట్‌మెంట్, పొట్టు వేరే రంగులో వెలిగి మోసం చేస్తాయి. అందుకని వెంట్రుకలు పీకి తామర కల్చర్‌లో వేశాం.

థైరాయిడ్ పరీక్ష ఆ రోజు చేయలేదు. ఎందుకంటే స్టెరాయిడ్ వాడకం రక్తంలో టీ4 అనే థైరాయిడ్ హార్మోనును తగ్గించి చూపిస్తుంది. ఆ అంకె పట్టుకుని జీవితాంతం థైరాయిడ్ మాత్రలు మింగే కుక్కలున్నాయి. దానికితోడు కుక్క చురుగ్గా ఉంది, బరువు పెరగలేదు, తోక మీద బొచ్చు ఊడలేదు. తొందరేం లేదు.

ఆ రోజు కొత్త మందేమీ రాయలేదు. స్నానం, నూనె, ఆయింట్‌మెంట్, కాల్షియం సిరప్ ఆపించి, 8 రోజుల తర్వాత దువ్వకుండా, తడపకుండా తీసుకురమ్మన్నాం. ఇంట్లోవాళ్లకు ఇది నచ్చలేదు. ఫీజు కట్టి ఉత్త చేతులతో వెళ్లడం ఎవరికీ నచ్చదు. కానీ ఆ రోజు ఏ షాంపూ రాసినా పరీక్ష ఇంకో నెల వెనక్కి పోయేది.

8వ రోజు: దువ్వెన, నల్ల కాగితం

ఎనిమిది రోజుల పొట్టు వీపు మీద పేరుకుని ఉంది. పరీక్షకు కావలసింది అదే. ఇనుప పేల దువ్వెనతో తోక మొదలు నుంచి మెడ దాకా, బొచ్చుకు ఎదురుగా, చర్మానికి ఆనించి 5 నిమిషాలు దువ్వి, రాలిందంతా నల్ల కాగితం మీద పట్టాలి. కాగితాన్ని మంచి వెలుతురులో కదపకుండా పెట్టి భూతద్దంతో ఒక నిమిషం చూడాలి. పొట్టు పొట్టులాగే ఉంటే ఆగిపోకూడదు. కాగితాన్ని మడిచి పొట్టును స్లైడు మీద పోసి, రెండు చుక్కల లిక్విడ్ పారఫిన్ వేసి, కవర్‌స్లిప్ మూసి, 4 రెట్లు, 10 రెట్లు పెద్దగా చూపే లెన్సులతో అంచు నుంచి అంచుకు వరసగా చూడాలి. మైక్రోస్కోపులో వెలుతురును స్లైడు మీదికి పట్టే కండెన్సర్ కిందికి దించి వెలుతురు తగ్గిస్తేనే గాజులా ఉండే పురుగు కనిపిస్తుంది. వెలుతురు ఎక్కువైతే మన కళ్ల ముందే ఉండి దొరకదు.

మొదటి రెండు స్లైడుల్లో ఏమీ లేదు. మూడోదానిలో ఒక పురుగు, వెంట్రుకకు సన్నటి దారాలతో కట్టినట్టున్న మూడు గుడ్లు. నోటి పక్కన కొక్కేల్లాంటి రెండు పెద్ద గోళ్లు, కాళ్ల చివర గోళ్ల బదులు దువ్వెన పళ్లు, నడుం దగ్గర నొక్కినట్టున్న ఒళ్లు. పేల ఈపులతో పొరబడే అవకాశం ఉంది. ఈపి పెద్దది, వెంట్రుకకు జిగురుతో గట్టిగా అతుక్కుంటుంది. ఈ గుడ్డు చిన్నది, దారాలతో వదులుగా వేలాడుతుంది.

రెండు స్లైడులు చూసి ఆపేసి ఉంటే ఈ కేసు "పొడి చర్మం" అనే పేరుతోనే నడిచేది. స్నానం చేసిన ప్రతిసారీ పొట్టుతో పాటు పురుగులు చాలావరకు కొట్టుకుపోతాయి, అన్నీ పోవు. సంఖ్య తగ్గుతుంది కాబట్టి దురద తగ్గుతుంది, స్లైడులో దొరకదు, మూడు వారాల్లో మళ్లీ పెరుగుతుంది. ఎంత వెతికినా దొరకని కుక్కలూ ఉంటాయి. లక్షణాలు సరిపోతే అలాంటి వాటికి దొరకకున్నా పురుగు మందు ఇచ్చి ఫలితం చూడటం తప్పు కాదు.

ఇంట్లో ఎవరికైనా దురద ఉందా అని అప్పుడు అడిగితే, ఇంటర్ చదివే అమ్మాయి చేయి చాపింది. ముంజేతుల లోపలి వైపు, నడుము దగ్గర ఎర్రటి పొక్కులు. కుక్కను ఒళ్లో పెట్టుకుని చదువుకునే అలవాటు. దోమలనుకున్నారట. ఈ పురుగు మనిషి మీద కుట్టగలదు కానీ కాపురం చేయలేదు. కుక్కకు నయమైతే 3 వారాల్లో పొక్కులు వాటంతటవే తగ్గుతాయి. అమ్మాయిని చర్మవైద్యులకు ఒకసారి చూపించి, కుక్క సంగతి కూడా వాళ్లకు చెప్పమన్నాం. చెప్పకపోతే అక్కడ కథ గజ్జి మందు వైపు తిరుగుతుంది.

పురుగు చికిత్స

అఫాక్సొలానర్ 28.3 మిల్లీగ్రాముల నమిలే మాత్ర, 4 నుంచి 10 కిలోల కుక్కల సైజు. 8, 38, 68 రోజుల్లో ఒక్కోటి. కైలెటియెల్లా చాలా దేశాల్లో ఈ మందు డబ్బా మీద రాసి ఉండదు, కానీ ఈ జాతి మందులు దాని మీద బాగా పనిచేస్తాయి. ఇచ్చేముందు ఫిట్స్ చరిత్ర అడగాలి. ఉంటే ఈ జాతి మందులు వదిలి వేరే దారి చూడాలి.

మెడ మీద పోసే మందు ఎందుకు వద్దనుకున్నామంటే, ఫిప్రోనిల్ చర్మపు జిడ్డులో కరిగి ఒళ్లంతా పాకుతుంది. ఇక్కడ జిడ్డంతా సబ్బుతో కొట్టుకుపోయింది, స్నానం మానిపించడం కూడా కష్టంగా ఉన్న ఇల్లు. సెలమెక్టిన్ అయితే ఆరాక స్నానాన్ని తట్టుకుంటుంది. మాత్ర పడని కుక్కలకు 2 వారాలకోసారి కనీసం 3 సార్లు అది మంచి దారే.

ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ చవక, చాలాచోట్ల చేతికందే మందు. 6.2 కిలోల కుక్కకు కిలోకి 0.2 నుంచి 0.3 మిల్లీగ్రాముల లెక్కన, 1 శాతం మందులో కావలసింది 0.12 నుంచి 0.19 మిల్లీలీటర్లు. ఇన్సులిన్ సిరంజి లేకుండా ఆ కొలత రాదు. పశువులకు వాడే సీసా, 2 మిల్లీలీటర్ల సిరంజి, చిన్న కుక్క: ప్రమాదాలు ఇక్కడే జరుగుతాయి. కోలీ జాతి రక్తం ఉన్న కుక్కలకైతే అసలు వద్దు.

మూడు మాత్రలు ఎందుకంటే, మందు గుడ్లను చంపదు. గుడ్డు నుంచి గుడ్డు దాకా పురుగు జీవితం సుమారు 3 వారాలు. ఆడ పురుగు కుక్కను వదిలి సోఫాలో 10 రోజుల దాకా బతకగలదు. ఒక మాత్రతో దురద పోతుంది, ఇల్లు మిగిలిపోతుంది.

సోఫా, కార్పెట్, కారు సీటు 3 వారాల పాటు రెండు రోజులకోసారి వాక్యూమ్ చేసి, దుమ్మును అప్పుడే సంచిలో కట్టి బయట పారేయాలి. పడక గుడ్డలు వారానికోసారి 60 డిగ్రీల వేడి నీళ్లలో. పాత బ్రష్ పారేశారు, ఇనుప దువ్వెన మరిగే నీళ్లలో వేశారు. పక్క ఫ్లాట్‌లోని పగ్ కూడా ఇదే బ్రష్‌తో దువ్వించుకునేదని తెలిసి, లక్షణాలేమీ లేకున్నా దానికీ మందు పెట్టించాం. దురద లేకుండానే ఈ పురుగును మోసే కుక్కలుంటాయి. ఇల్లంతా పురుగుమందు స్ప్రే కొట్టించమని చెప్పలేదు. వాక్యూమ్ సరిగ్గా పడితే దాని అవసరం రాదు, పెర్మెత్రిన్ లాంటివి పిల్లులకు విషం కూడా.

బొచ్చు, నీళ్లు

పొడుగు బొచ్చు కుక్కలో చర్మానికి మందు చేరడమే పెద్ద పని. 9 సెంటీమీటర్ల బొచ్చును క్లిప్పర్ గార్డుతో రెండున్నర సెంటీమీటర్లకు దించాం. నున్నగా గొరిగించొద్దు. ఎండకు, ఏసీకి చర్మం నేరుగా తగులుతుంది, అసలే పల్చబడిన చర్మానికి బ్లేడు కాలుతుంది. 5 నిమిషాలకోసారి బ్లేడును మణికట్టు లోపలి వైపు ఆనించి చూడాలి, మనకు వేడి తగిలితే ఆపాలి. జడలు కట్టినవి స్నానానికి ముందే తీయాలి. తడిస్తే జడ బిగుసుకుని చర్మాన్ని లాగుతుంది, లోపల షాంపూ ఇరుక్కుంటుంది.

స్నానం ప్రణాళిక: మొదటి రెండు, వారం తేడాతో, సాలిసిలిక్ ఆమ్లం 2 శాతం, గంధకం 2 శాతం ఉన్న షాంపూతో, పేరుకున్న పొట్టు వదులు చేయడానికి. మూడోదాని నుంచి ఓట్‌మీల్, గ్లిజరిన్ ఉన్న మెత్తటి షాంపూ.

20 మిల్లీలీటర్ల షాంపూను 200 మిల్లీలీటర్ల గోరువెచ్చటి నీళ్లలో కలిపి మగ్గుతో పోయాలి. నేరుగా వీపు మీద పిండితే పడినచోటే ఉండిపోతుంది, చిక్కటి షాంపూ పొడుగు బొచ్చులోంచి పూర్తిగా పోదు. వేళ్ల కొసలతో చర్మం మీద రుద్దాలి, గోళ్లతో కాదు, బొచ్చును గుండ్రంగా నలపొద్దు. ఆ తర్వాత గడియారం చూసి 10 నిమిషాలు. ఈ 10 నిమిషాలే అందరూ ఎగ్గొట్టేది. చలికి వణుకుతుందనుకుంటే తువ్వాలు చుట్టి ఒళ్లో పెట్టుకోవచ్చు, కళ్లలోకి పోకుండా చూసుకోవాలి. కడగడానికి పట్టిన సమయం రుద్దడానికి పట్టినదానికి రెట్టింపు ఉండాలి. చంకలు, తొడల సందులు, మెడ పట్టీ కింద వేలితో తడిమి జారుడు పోయిందో లేదో చూడాలి.

బోరు నీళ్ల ఉప్పులు సబ్బుతో కలిసి తెట్టె కట్టి వెంట్రుకలకు అంటుకుంటాయి, ఎండాక అదీ పొట్టులాగే ఉంటుంది. అందుకే చివర 2 లీటర్లు ఆర్‌వో నీళ్లు పోయమన్నాం. ఆపైన 500 మిల్లీలీటర్ల నీళ్లలో 10 మిల్లీలీటర్ల గ్లిజరిన్ కలిపి పోసి కడగకుండా వదలాలి. నీళ్లు కలపని గ్లిజరిన్ రాయకూడదు, జిగటగా పట్టి దుమ్మునంతా లాక్కుంటుంది. తువ్వాలుతో అద్ది, డ్రయ్యర్ చల్లగాలి మీద, చర్మానికి 30 సెంటీమీటర్ల దూరంలో.

సబ్బు, మనుషుల షాంపూ ఎందుకు మానాలో కూడా చెప్పాలి. సబ్బుకు క్షార గుణం ఉంటుంది. మనిషి చర్మం ఆమ్లం వైపు ఉంటుంది, కుక్క చర్మం తటస్థానికి దగ్గర, పైపొర మనకన్నా పలచన. మన తలకు తయారైనది దాని వీపుకు ఎక్కువ. కుంకుడుకాయ సహజమే కదా అని అడిగేవాళ్లు చాలామంది. సహజమే, కానీ జిడ్డును ఊడ్చేయడంలో సబ్బుకు తీసిపోదు, కళ్లలో పడితే మంట. జిడ్డు కారే కుక్కకు ఎప్పుడైనా సరే, పొడిబారిన చర్మానికి వద్దు.

గిన్నెలో మార్పు

పురుగు లేకపోయినా ఈ తిండితో చర్మం ఇంతకన్నా మెరుగ్గా ఉండేది కాదు. పెరుగన్నం, తోలు తీసిన చికెన్‌లో లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు తక్కువ, జింక్ తక్కువ. చర్మపు పైపొరలో నీటిని ఆపే గోడకు లినోలియిక్ ఆమ్లం కావాలి, కుక్క ఒంట్లో అది తయారుకాదు. రోజూ పోసిన కాల్షియం ఉన్న కాస్త జింక్‌ను కూడా పేగులో పట్టి ఆపుతుంది. బలానికని ఇచ్చిన సిరప్ చేసిన పని అది.

ఈ కుక్కకు రోజుకు 355 క్యాలరీలు చాలు. 100 గ్రాములకు 370 క్యాలరీలుండే సంపూర్ణ ఆహారం 80 గ్రాములు. పొద్దుతిరుగుడు నూనె అర టీస్పూను, అంటే రెండున్నర మిల్లీలీటర్లు, 20 క్యాలరీలు. మిగిలిన ముప్పై, నలభైలో చేపనూనె, రెండు మూడు చెంచాల పెరుగన్నం. పెరుగన్నం పూర్తిగా మానమంటే ఆ ఇంట్లో అమ్మమ్మగారు ఒప్పుకోరని మొదటి రోజే అర్థమైంది. ఒప్పుకోని నియమం రాసి లాభం లేదు. మార్పు 7 రోజుల్లో, కొద్దికొద్దిగా.

కొబ్బరినూనెలో లినోలియిక్ ఆమ్లం 2 శాతం దరిదాపు, మామూలు పొద్దుతిరుగుడులో 60 దాకా. హై ఒలియిక్ అని రాసి ఉన్న డబ్బాలో చాలా తక్కువ, అది కొనొద్దు. చేపనూనెకు లెక్క దానిలోని ఒమెగా-3 కొవ్వులు ఈపీఏ, డీహెచ్ఏ కలిపి ఈ బరువుకు రోజుకు 490 మిల్లీగ్రాముల చుట్టూ. మందుల షాపుల్లో దొరికే మామూలు 1000 మిల్లీగ్రాముల గుళికలో ఆ రెండూ కలిపి 300 ఉంటాయి, కాబట్టి గుళిక ఒక రోజు ఒకటి, ఒక రోజు రెండు. మొదటి వారం రోజుకు ఒకటే. కాడ్‌లివర్ నూనె వేరు, దానిలో ఎ, డి విటమిన్లు మోతాదు దాటిపోతాయి. అవిసె గింజల నూనెలోని ఒమెగాను కుక్క ఒళ్లు ఈపీఏగా మార్చుకునేది కొంచెమే. ఏ నూనె అయినా ఫలితం కనిపించడానికి 6 నుంచి 8 వారాలు.

24వ రోజు: వెనకడుగు

సంక్రాంతికి ముందు మళ్లీ వచ్చారు. "మాత్ర పనిచేయలేదండీ, పొట్టు అలాగే ఉంది." పైగా వారం నుంచి విరేచనాలు పలచగా. దువ్వి మూడు స్లైడులు చూస్తే పురుగు లేదు, ఒక ఖాళీ గుడ్డు పెంకు. అమ్మాయి చేతి పొక్కులు ఎండిపోయాయి. మాత్ర పనిచేసింది. మరి పొట్టు?

చంకల దగ్గర తెల్లటి పొడి ఎక్కువగా కనిపించింది. తడి వేలితో రుద్దితే నురగ వచ్చింది. అది చర్మం కాదు, మిగిలిపోయిన షాంపూ. ఏ తెల్ల పొడి కనిపించినా ఈ తడి వేలి పరీక్ష పది సెకన్ల పని. కూపీ లాగితే, వారానికోసారి చెప్పిన సాలిసిలిక్ షాంపూను నాలుగు రోజులకోసారి, నాలుగుసార్లు వాడారు. పొట్టు కనిపించగానే స్నానం అన్న పాత అలవాటు. నడి వీపు ఎర్రబడి, బిగుసుకుని, పార్చ్‌మెంటు కాగితంలా ఉంది. విరేచనాలకు కారణం చేపనూనె మొదలుపెట్టిన రోజు నుంచే రెండేసి గుళికలు.

సాలిసిలిక్ షాంపూ అక్కడితో బంద్. 10 రోజులు స్నానమే లేదు, చర్మపు గోడలో ఉండే కొవ్వులు సెరమైడ్లు, ఫైటోస్ఫింగోసిన్ ఉన్న కడగక్కర్లేని స్ప్రే రెండు రోజులకోసారి, బొచ్చు పాయలు తీసి చర్మం మీదికే. చేపనూనె 3 రోజులు ఆపి, సగం మోతాదుతో మళ్లీ. ఇంకో మాట కూడా విడమరచి చెప్పాం: పురుగు చచ్చినా, అప్పటికే తొందరపడి పైకి బయల్దేరిన కణాలు రాలాల్సిందే. ఒక పొర మారడానికి 3 వారాలు. కాబట్టి పురుగు మందు ఫలితాన్ని పొట్టుతో కాదు, దురదతో, స్లైడుతో కొలవాలి.

కంటి అంచనా మానేసి కొలతకు కూడా ఒక పద్ధతి పెట్టాం. ప్రతి ఆదివారం అదే దువ్వెన, అదే నల్ల కాగితం, నడుము మీద 2 నిమిషాలు, ఒక ఫోటో. రోజూ చూసే కంటికి మార్పు తెలియదు, ఫోటోలు పక్కపక్కన పెడితే తెలుస్తుంది.

తర్వాత

38వ రోజు: రెండో మాత్ర. కాగితం మీద పొట్టు సగానికి తగ్గింది. ఎర్రదనం పోయింది. తామర కల్చర్‌లో 21 రోజుల దాకా ఏమీ మొలవలేదు. పలచటి విరేచనాలు లేవు, చేపనూనె పూర్తి మోతాదు చేరింది.

68వ రోజు: మూడో మాత్ర. ఆదివారం ఫోటోలో చిటికెడు. స్టెరాయిడ్ ఆపి రెండు నెలలు దాటింది కాబట్టి ఇప్పుడు చేసి ఉంటే టీ4 నమ్మదగినదే, కానీ చేయడానికి కారణం మిగల్లేదు. ఈ దశలో పొట్టు తగ్గకుండా ఉంటే టీ4తో పాటు థైరాయిడ్ గ్రంథిని నడిపించే హార్మోను టీఎస్‌హెచ్, అవీ మామూలుగా ఉంటే 6 మిల్లీమీటర్ల పంచ్‌తో చర్మం ముక్కలు రెండు మూడు తీసి బయాప్సీకి పంపేవాళ్లం. ముఖ్యంగా పీకిన వెంట్రుకల మొదట్లో మైనపు తొడుగులాంటిది పట్టుకుని కనిపిస్తే, చర్మపు నూనె గ్రంథులు వాచి పాడయ్యే రోగం సెబేషియస్ అడినైటిస్‌ను వదలకూడదు.

100వ రోజు, ఉగాది రోజుల్లో: దురద లేదు. నల్ల కాగితం మీద వెతికితే నాలుగైదు రేకులు, అవి ఏ కుక్కకైనా ఉంటాయి. బొచ్చు 5 సెంటీమీటర్లకు పెరిగింది, కొత్తగా వచ్చిన మొదళ్లు మెత్తగా, కొసలు ఇంకా పాత గరుకుతనంతో. ఎందులో ఎంత ఫలితమో విడదీసి చెప్పలేం. పురుగు మందు, స్నానాల తగ్గింపు, గిన్నె మార్పు కలిసి నడిచాయి, చలికాలం పోవడం కూడా సాయపడే ఉంటుంది. అయితే 24వ రోజున పురుగు లేకుండానే పొట్టు అంతే ఉండటం, షాంపూ ఆపాక రెండు వారాల్లో సగం తగ్గడం చూస్తే, సబ్బుల వాటా పురుగు వాటాకు తక్కువేం కాదనిపిస్తుంది.

ఇక ముందుకు: స్నానం 3, 4 వారాలకోసారి, మెత్తటి షాంపూతో. రోజు విడిచి రోజు దువ్వెన, ఆదివారం కాగితం. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా స్ప్రే వారానికి రెండుసార్లు, ఏసీ గాలి పడక మీదికి నేరుగా రాకుండా. గిన్నెలో నూనెలు కొనసాగుతాయి, బరువు నెలకోసారి చూసుకుంటూ. పండగ కదా, వీడికీ తలంటు పోయొచ్చా అని అమ్మమ్మగారు అడిగించారు. నూనె గిన్నెలోకి వెళ్తోంది కాబట్టి వీపుకు వద్దని చెప్పి, పండగ స్నానానికి ఓట్‌మీల్ షాంపూనే ఖాయం చేశాం.

వేసవి సెలవులకు మళ్లీ బోర్డింగ్ తప్పదన్నారు. వదలడానికి వారం ముందు ఒక మాత్ర, సొంత దువ్వెన, సొంత దుప్పటి వెంట పంపడం. తిరిగొచ్చాక సోఫా ఎక్కకముందే గుమ్మం దగ్గర నల్ల కాగితం పరిచి ఒకసారి దువ్వడం, ఆ తర్వాత మూడు వారాల పాటు ఆదివారం ఆదివారం మళ్లీ.